కృష్ణాతీరమున కెమెరాతో పన్నెండు మాసములు

పూర్వము మన పట్టణములలో ఫోటో తీయించుకొనుట యనగా నొక పండుగ. స్టూడియోలో గోడకు పెద్ద తెర వ్రేలాడుచుండెడిది. దానిమీద ఒక సరస్సు, రెండు హంసలు, దూరమున నీలికొండలు, ఒక మూల పూలకుండీలతో రాతిమెట్లు చిత్రింపబడి యుండెడివి. ఆ తెర ముందు కుర్చీ వేసి, పట్టుచీర కుచ్చెళ్లు సరిచేసి, కదలవద్దని చెప్పి చిత్రము తీసెడివారు. మన అమ్మమ్మల ఫోటోలలో పెక్కింటియందు వారి వెనుక నున్నది ఈ తెరసరస్సే. ఇంటికి అరమైలు దూరమున కృష్ణ ప్రవహించుచున్నను, ఆ నదితో కలిపి ఆ ఇల్లాలి నెవరును చిత్రింపలేదు.

ఆ రోజులలో స్త్రీలు ఫోటోలో కూర్చుండుటయే గొప్ప. కెమెరా వెనుక నిలుచుట మరింత అరుదు. రాజా దీనదయాళుగారు 1892లో హైదరాబాదునందు ఘోషాస్త్రీలకొరకు ప్రత్యేకముగ నొక జనానా స్టూడియో తెరచిరి. అందు చిత్రములు తీయు భారము నొక స్త్రీకే అప్పగించిరి. పిమ్మట నెన్నియో సంవత్సరములకు, నవసారిలో 1913లో జన్మించిన హోమాయి వ్యారావాలాగారు మన దేశమున మొదటి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలుగ ప్రసిద్ధికెక్కి, 2011లో పద్మవిభూషణ బిరుదము నందిరి. నేడు సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. కావున కెమెరా లేని స్త్రీయు అరుదే. అయినను మనము తీయునవి బిడ్డల ముఖములు, పెండ్లిపందిళ్లు, పిండివంటలు. పొలము, నది, ఆకాశము మాత్రము ఇంకను పురుషుల పాలనే యున్నవి.

దీనికి కారణమేమని మేము పలుమారు లాలోచించితిమి. ధైర్యము లేక కాదు, నేర్పు లేక కాదు. బయటి దృశ్యములకు మంచి వెలుగు దొరకునది సూర్యోదయమునకు ముందు వెనుక లొక గంట, సూర్యాస్తమయమునకు ముందు వెనుక లొక గంట. సరిగా ఆ వేళలలోనే ఇంట పాలు కాగవలెను, ఫలహారములు కావలెను, పిల్లలు బడికి పోవలెను. సాయంకాలము దీపము పెట్టి వంట మొదలిడవలెను. వెలుగు వేళలును వంటింటి వేళలును ఒక్కటియే యగుటచేత, విజయవాడలో పుట్టి పెరిగిన స్త్రీలలో ననేకులు బ్యారేజి మీది సూర్యోదయమును ఒక్కసారియైనను నిలిచి చూచి యెరుగరు. నెలకు రెండు పూటలైన నీ వేళలను మనకొరకు తీసికొనవలెనని సంకల్పించి, మేము ఏడెనిమిదిమంది స్త్రీలము కలిసి సంవత్సరము పొడుగున కృష్ణాతీరమున తిరిగితిమి. ఆ దినములలో ఇంటివారు తమ కాఫీ తామే కాచుకొనిరి. ఎవరికిని లోటు కలుగలేదు.

మొదటి మూడు మాసములును అనుభవశాలియైన యొక ఛాయాగ్రాహకుడు మాకు పాఠము చెప్పెను. తరువాత మాకు మేమే ఒకరికొకరము గురువులమైతిమి. పద్ధతి మిక్కిలి సులభము. ముందు రాత్రి సూర్యోదయపు వేళ చూచుకొని, బ్యాటరీ నింపి, లెన్సు తుడిచి సిద్ధముగ నుంచుకొనవలెను. తెల్లవారక ముందే స్థలము చేరి, రెండు గంటలు ఆ ఒక్క చోటనే యుండవలెను. పాతకాలపు ఫిల్ము చుట్టలో ముప్పదియారు చిత్రములు పట్టెడివి గదా, ఎవరును అంతకు మించి తీయరాదని నియమము. ఈ నియమముచేత తీయుటకు ముందు చూచుట అలవడును. మధ్యాహ్నము ఒకరి ఇంట కూడి తలకొక మూడు చిత్రములు చూపవలెను. తీసినవారు మాటాడరాదు, చూచువారే తమకేమి కనబడినదో చెప్పవలెను. తీసినవారు కొండను చూపితి ననుకొందురు. చూచువారు విద్యుత్ స్తంభమును చూతురు. ఇంతకు మించిన పాఠము మరియే పుస్తకమందును మాకు దొరకలేదు.

ఖరీదైన సామగ్రి యవసరము లేదు. మాలో సగముమంది సెల్‌ఫోనుతోనే నేర్చిరి. మూడుకాళ్ల స్టాండొకటి, లెన్సు తుడుచుటకు మెత్తని నూలుగుడ్డ, గొడుగు, మంచినీళ్లు, జారని చెప్పులు, నడుమునకు చెక్కిన చీరకొంగు లేక చుడీదారు – ఇవి చాలును. చల్లని గదినుండి కెమెరాను ఒక్కసారిగా బయటి యుక్కలోనికి తెచ్చినచో లెన్సుపై మంచు పట్టినట్లు చెమ్మ క్రమ్మును. సంచిలోనే పావుగంటసేపుంచి, పిదప తీయవలెను. మన డెల్టా గాలిలో తేమ మెండు. కెమెరా పెట్టెలో సిలికా జెల్ పొట్లము లుంచనిచో లెన్సుకు బూజు పట్టును.

ఇక వెలుగు సంగతి. సూర్యుడు క్షితిజమున కంటియున్నపుడు కిరణములు ఎక్కువ గాలిని దాటి రావలసి యుండును. ఆ దారిలో నీలపు వన్నె చెదరిపోయి పసుపు, ఎరుపు వన్నెలు మిగులును. అదియుగాక వాలుగ పడు వెలుగులో నీడలు పొడుగై, గట్టు గట్టుగ, మడి మడిగ నేల రూపము తెలియును. మన డెల్టా అరచేయి వలె చదునైనది. మిట్టమధ్యాహ్నము తీసినచో అది వట్టి పచ్చని చాపవలె కనబడును. ప్రొద్దుటి వెలుగులో ఆ చాపయే అల్లిక కనబడు పట్టువస్త్ర మగును. చదునునేలను చిత్రించునపుడు దగ్గరలో ఏదేని యొక వస్తువును – తాటిచెట్టు, గడ్డివాము, పడవ, లాకు తలుపు – ముందుంచుకొనినచో దూరము దూరముగ తోచును.

మా తిరుగుడు బ్యారేజితో మొదలైనది. ఏలయన డెల్టాయంతయు అక్కడనే మొదలగును. 1852–55 సంవత్సరముల మధ్య ఇచ్చట ఆనకట్ట కట్టిరి. అది 1952లో తెగెను. తరువాత నిర్మించిన బ్యారేజి 1957 డిసెంబరులో ప్రారంభమై, ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశముగారి పేర వెలయుచున్నది. పొడవు 1,223 మీటర్లకు పైచిలుకు, గేట్లు 70. ఇచ్చటినుండి ఇరువైపుల కాలువలు సుమారు 13 లక్షల యెకరములకు నీరు గొనిపోవును. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పట్టణము నడుమనుండియే సాగును. వానిని ప్రతిదినము దాటుచున్నను, ఒక్క నదిచేతి వ్రేళ్లే యివి యని బ్యారేజిమీద నిలిచి చూచువరకు మాకు తోచలేదు.

బ్యారేజిమీద పడమటివైపు నిలిచినచో భవానీ ద్వీపము, దాని వెనుక అస్తమయము. తూర్పువైపు తిరిగినచో రైలు వంతెనలు, ఉదయము. ఇది అందరెరిగినదే. అందరెరుగని సంగతి యొకటున్నది. సూర్యుడు ఏడాది పొడుగున ఒకే చోట ఉదయింపడు. డిసెంబరు, జనవరి మాసములలో ఆగ్నేయమునకు జరిగి యుదయించును. అప్పుడు దక్షిణపుటొడ్డున సీతానగరము రేవునుండి చూచినచో ఆవలి యొడ్డున ఇంద్రకీలాద్రి వాలుమీద బంగారు వెలుగు సూటిగ పడును. జూన్ మాసమున ఈశాన్యమున నుదయించుటచేత అదే వాలు నీడలో నుండును. కావున ఆ కొండను ప్రొద్దుట తీయవలెనన్నచో చలికాలమే తగినది. వేళయు మారును. జూన్‌లో ఐదున్నర దాటగనే సూర్యుడు కనబడును. జనవరిలో ఆరున్నర దాటవలెను. నవంబరులో సాయంకాలము ఐదున్నరకే ప్రొద్దు గ్రుంకును.

బ్యారేజిని విడిచి మేము కాలువల వెంట క్రిందికి పోయితిమి. డెల్టాకు సంవత్సరాది ఉగాదినాడు కాదు. కాలువకు నీరు వదలిన దినమున. జ్యేష్ఠాషాఢములలో నీరు పారి, ఆకుమళ్లు పచ్చబడి, దమ్ము చేసిన పొలములు నిండును. ఊడ్పులైన మొదటి రెండు మూడు వారములు మాత్రమే మడులలో ఆకాశము కనబడును. పిదప పైరు కమ్ముకొని ఆ అద్దము మూసికొనిపోవును. ఈ స్వల్పకాలమున నైరృతి మేఘములు కూడ నుండుటచేత, ఫోటోలు తీయువారికి ఇంతకంటె మంచి పక్షము మరి లేదు. కెమెరాను మడిగట్టుకు దగ్గరగ, మోకాలి యెత్తున నుంచినచో ప్రతిబింబము పెద్దదగును. మబ్బులు తెల్లగ మాడిపోకుండ ఎక్స్‌పోజరు కొంచెము తగ్గింపవలెను. సెల్‌ఫోనులోనైనచో మబ్బుమీద వ్రేలుంచి గీత క్రిందికి జరపిన చాలును.

ఉయ్యూరు దాటిన పిదప నొక కాలువగట్టు ప్రక్క పదునైదుగురు స్త్రీలు నాటు వేయుచుండిరి. వరుసగ వంగిన నడుములు, రంగురంగుల చీరలు, ముందు నీరు, పైన మేఘము. అట్టి చిత్రము నెన్ని క్యాలెండర్లలో చూడలేదు! తీయవచ్చునా యని మే మడిగితిమి. వారిలో పెద్దది నడుము పట్టుకొని లేచి, "తీయండమ్మా, తీస్తే మాకేం పోద్ది? కాని వంగున్నప్పుడు తీస్తే నడుం తప్ప ఏం కనపడుద్ది? కాసేపాగండి, లేచి నిలబడతాం, అప్పుడు తీయండి" అనెను. వారందరును గట్టుమీదికి వచ్చి, చేతుల బురద కడుగుకొని, కొంగులు సరిచేసికొని నిలిచిరి. ఆ దినము మేము తీసిన వానిలో ఆ నిలుచున్న పదునైదుగురి చిత్రమే మే లైనది. వారి వెనుక వారు నాటిన మడి యున్నది. వచ్చిన నెల అచ్చు వేయించి తలకొక ప్రతి నిచ్చి వచ్చితిమి. "నేను పొలంలో ఉన్న ఫోటో ఇదే మొదటిది" అని ఆ పెద్దామె యనెను. పొలములలో పని చేయువారిని చెట్టు చేమలతో సమానముగ చిత్రించి పోవుట మర్యాద కాదు. అడుగవలెను, వారెట్లు కనబడ గోరుదురో అట్లు తీయవలెను, ప్రతి నియ్యవలెను.

శ్రావణ భాద్రపదములు వరదల మాసములు. గేట్లెత్తిన వేళ నురుగుతో దుముకు ఎర్రనీటిని చూచుటకు ఊరంతయు వచ్చును. షట్టరు వేగము సెకనులో వేయవ వంతున నుంచినచో ప్రతి బిందువు విడివిడిగ నిలుచును. అరసెకను దాక తెరచి యుంచినచో నీరు పాలవలె, పట్టువలె జారును. మామూలు ప్రవాహమునకు రెండవది సొగసు. వరదకు మొదటిదే న్యాయము. ఏలయన వరద పట్టుగుడ్డ కాదు. 2024 సెప్టెంబరు 2వ తేదీన బ్యారేజికి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చెను. బ్యారేజి కట్టిన తరువాత అంత వరద యెన్నడును రాలేదు. దానికి ముందు దినముననే బుడమేరు పొంగి సింగునగరము మొదలైన పేటలు మునిగిపోయినవి. పెక్కు ఇండ్లు దినముల తరబడి నీటిలో నిలిచినవి.

మాలో నొక సోదరి ఇల్లు ఆ మునిగిన పేటలోనిదే. నీరు తీసిన తరువాత ఆమె మొదట వెదకినది బియ్యపు డబ్బాను కాదు. అత్తగారి కాలమునాటి ఫోటోల పుస్తకమును. అది ఉబ్బి, పుటలు అంటుకొని, బురదలో నుండెను. ఈ సందర్భమున మేము నేర్చిన సంగతి చదువరులందరకును పనికివచ్చును. తడిసిన ఫోటోలు ఆరి అంటుకొనక ముందే వానిని విడదీయవలెను. బలవంతముగ చింపరాదు. శుభ్రమైన చల్లని నీటిలో నుంచి, బురద పోవునట్లు మెల్లగ కడిగి, బొమ్మవైపు వ్రేళ్లతో రుద్దక, పైకి తిప్పి, నీడలో గాలి తగులునట్లు నూలుగుడ్డమీద ఆరబెట్టవలెను. ఎండలో పెట్టిన చుట్టుకొనిపోవును. వెంటనే తీరిక లేనిచో, నడుమ నడుమ మైనపు కాగితము పెట్టి సంచిలో కట్టి, ఫ్రిజ్జులో గడ్డకట్టు అరలో నుంచి, తరువాత కొంచెము కొంచెముగ తీసి ఆరబెట్టుకొనవచ్చును. ఆ సోదరి నలుబదికి పైగా ఫోటోలను ఈ తీరున దక్కించుకొన్నది. ఆమె యిప్పుడు మా యందరికంటె శ్రద్ధగ వెనుక తేదీలు వ్రాయుచున్నది.

వరద తగ్గి ఆకాశము కడిగినట్లగుసరికి ఆశ్వయుజము వచ్చును. విజయదశమినాడు దుర్గమ్మకు కృష్ణలో హంసవాహనముపై తెప్పోత్సవము జరుగు ఆచారమున్నది. కార్తికమున రేవులన్నియు దీపములే. దీపముల చిత్రమునకు చిమ్మచీకటి పడువరకు ఆగరాదు. ప్రొద్దు గ్రుంకిన ఇరువది ముప్పది నిమిషములు ఆకాశమున నీలము మిగిలియుండును. ఆ నీలము, దీపపు పసుపు రెండును తూకముగ నిలుచు వేళ అది. ఫ్లాషు వేసినచో దీపము వెలవెలబోవును. స్టాండుమీద కెమెరా నిలిపి, రెండు సెకనులు షట్టరు తెరువవలెను.

రేవులలో నొక హెచ్చరిక. గోదావరి నీరు 2015లో కృష్ణను చేరిన ఇబ్రహీంపట్నముచెంత చోటుకు పవిత్రసంగమమని పేరు. కార్తికమాసమున, 2017 నవంబరు 12వ తేదీన, అచ్చటనే యాత్రికుల పడవ బోల్తాపడి ఇరువదిమందికి మించి ప్రాణములు కోల్పోయిరి. నీటిమీదినుండి కొండ యెంతో బాగుండునని ఎవరు చెప్పినను, అనుమతి లేని పడవను, ప్రాణరక్షక కవచము లేని పడవను ఎక్కరాదు. పాచి పట్టిన మెట్లమీద వెనుకకు నడచుచు చిత్రము తీయరాదు. మేము ఇద్దరిద్దరముగ పని చేయుదుము: ఒకరు కెమెరాలో చూచుచుండగా, రెండవవారు ఆమె పాదములను చూచుచుందురు. మధ్యలో మార్చుకొందుము.

మార్గశిర పుష్యములు డెల్టాకు లక్ష్మీమాసములు. కోతలై పనలు ఆరుచుండును. తెల్లవారుజామున కాలువలమీద పలుచని మంచు పరచుకొని, తాటిచెట్లు మొదళ్లు లేక తేలుచున్నట్లుండును. మంచులో కెమెరా తనకు తానే చిత్రమును మసకజేయును. అప్పుడు వెలుగు పాలు కొంచెము పెంచినచో తెలుపు తెలుపుగ వచ్చును. కోతమిషనులు వచ్చిన తరువాత కుప్పలు అరుదగుచున్నవి. కుప్పనూర్పులు మన బిడ్డలు చూచుట కలయే. ఎచ్చటనైన కుప్ప కనబడినచో దానిని, వేసినవారి పేరుతోసహ చిత్రించి యుంచుకొనుడు. వరి కోసిన మళ్లలో మినుము మొలచి మరల నేల పచ్చబడును. సంక్రాంతి ముగ్గును డాబామీదినుండి, వాలు వెలుగులో తీయవలెను. పిండిగీతకు కూడ నీడ యుండునని అప్పుడు తెలియును.

ఈ చలికాలముననే మేము కైకలూరు పోయి, కొల్లేటియొడ్డున ఆటపాక పక్షికేంద్రము చూచితిమి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇచ్చట గూళ్లు కట్టును. తెల్లని పక్షులు నిండియున్నపుడు కెమెరా వెలుగును తగ్గించి వానిని బూడిదవన్నెగ జేయును. మంచులో వలెనే ఇచ్చటను కొంచెము పెంచవలెను. పక్షి కంటిలో మెరుపు కనబడునట్లు నిలిచి, ఎగిరెడి దిక్కున కొంత ఖాళీ విడువవలెను. గూటికి చేరువగ పోరాదు. తల్లి బెదరి లేచినచో కాకులును గ్రద్దలును గ్రుడ్లకై కాచుకొని యుండును. పిల్లలుగల తల్లులము, ఇంతకంటె చెప్పనక్కరలేదు.

కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యముగ ప్రకటింపబడినది. 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగ గుర్తింపు పొందినది. సరస్సు నాక్రమించిన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వము పెద్దయెత్తున తెగగొట్టించినది. మేము గట్టుపై నిలిచి చిత్రించినది పక్షులనే కాదు, ఒక ప్రక్క కిక్కిస తుప్పలును, మరియొక ప్రక్క గిరిగీసినట్లు చెరువుగట్లును. విజయవాడను ముంచిన బుడమేరు తుదకు చేరునది ఈ కొల్లేటికే. ఆ సంగతి మా సోదరి చెప్పినపుడు అందరమును కొంతసేపు కెమెరాలు దించితిమి. పక్షుల విడిదియని చూడవచ్చిన నీరును, ఇంటిలో ఫోటోలను ముంచిన నీరును ఒకే త్రోవలోనివి. ప్రకృతిదృశ్యమనగా సొగసు మాత్రమే కాదు. మన యిల్లు ఎచ్చట నున్నదో తెలుపు పటము కూడ.

మాఘపూర్ణిమకు మేము సముద్రమువైపు సాగితిమి. విజయవాడకు నూరు కిలోమీటర్లకు మించిన దూరమున, దివిసీమలో కోడూరు దాటిన పిదప హంసలదీవి యున్నది. కాకి రూపమున తిరుగుచున్న గంగ ఇచ్చట మునిగి హంసయైనదని స్థలపురాణము; వేణుగోపాలస్వామి ఆలయమున్నది. ఆ సమీపముననే కృష్ణ సాగరమున కలియును. పూర్ణచంద్రుని చిత్రము కోరువారికి ఒక చిట్కా: పూర్ణిమకు ముందు దినమే మేలు. ఆనాడు చంద్రుడు ప్రొద్దు గ్రుంకక ముందే పైకి వచ్చుటచేత, నేలమీద వెలుగుండగనే అతనిని చిత్రింపవచ్చును. పూర్తిగ చీకటి పడిన తరువాత తీసినచో చంద్రుడు తెల్లని చుక్క, నేల నల్లని గీత.

ఈ తీరమందలి మడ అడవులు కృష్ణా అభయారణ్యములోనివి, బావురుపిల్లులకు నెలవు. అటవీశాఖవారి నిబంధనలను పాటించియే అడుగుపెట్టవలెను. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెన ఈ సీమపైననే విరుచుకొనిపడి పదివేలకు మించిన ప్రాణములను గొన్నది. ఎన్నియో గ్రామములలో మనుష్యులతోబాటు వారి బొమ్మలు కూడ పోయినవి. తల్లి ముఖ మెట్లుండునో చూపుటకు చిత్రము లేని బిడ్డలు పెరిగిరి. సంగమమున సూర్యోదయము నిరుపమానము. అయినను మేమచ్చట సూర్యునికంటె, స్నానమునకు వచ్చిన కుటుంబములను వారడిగినట్లు నిలువబెట్టి తీయుటలోనే ఎక్కువ ప్రొద్దు గడపితిమి.

చైత్ర వైశాఖములలో బెజవాడ ఎండ జగద్విదితము. కెమెరాను మూసిన కారులో విడువరాదు. ఉదయము ఎనిమిది దాటిన తరువాత బయట పని లేదు. ఈ మాసములకు తగినది ఉండవల్లి. కృష్ణకు దక్షిణపుటొడ్డున, బ్యారేజికి దగ్గరలో, కొండను తొలిచిన నాలుగంతస్తుల గుహాలయ మది. లోపల అనంతశయనుడు రాతిలో పవ్వళించియున్నాడు. గుహలలో చీకటి, బయట కన్ను చెదరు వెలుగు. రెండును ఒక చిత్రమున పట్టవు. స్తంభముల నడుమ నిలిచి బయటి పొలములకు వెలుగు కుదిర్చినచో గుహ నల్లని చట్రమగును. శయనమూర్తిని తీయునపుడు బయటి వెలుగు చట్రములోనికి రాకుండ చూచుకొనవలెను. పురావస్తుశాఖవారి రక్షణలోని కట్టడములలో స్టాండు వాడుటకు ముందుగ అనుమతి కావలెను.

ఉండవల్లి మెట్లమీదినుండి చూచినచో అరటితోటలు, కూరగాయల మళ్లు పరచుకొని కనబడును. ఈ తీరపు జరీబు భూములు ఏడాదికి మూడు పంటల నేలలు. 2015లో అమరావతి రాజధానికి శంకుస్థాపన యైనది. అందుకై ఈ ప్రాంతపు గ్రామములలో 33 వేల యెకరములకు మించి సమీకరింపబడినవి. రాజధాని రావలెను, రానిండు. కాని యే నేలమీద వచ్చుచున్నదో, ఆ నేల యెట్లుండెనో చూపు చిత్రము ప్రతి యింటను ఒక్కటియైన నుండవలెను గదా! నీరు కట్టివేసిన వేసవిలో పట్టణపు కాలువల యడుగు బయటపడును. ప్లాస్టిక్ సంచులును, పాతబట్టలును, పూజాద్రవ్యములును అందు పేరుకొనియుండును. దానినికూడ మేము తీసితిమి. పండుగనాటి కాలువ ప్రక్క దానిని అంటించి చూచిన పిమ్మట, మాలో ఎవరును పూజ పూలను సంచితోసహ కాలువలో వేయుట లేదు.

సంవత్సరము పూర్తియైన తరువాత మావద్ద వేలకొలది చిత్రములు కలవు. అందులో మేము మిగుల విలువగ చూచుకొనునవి పన్నెండే. మొదటి నెలలోనే తలకొక చోటు నేర్పరచుకొని – ఒకరికి కాలువగట్టు, ఒకరికి సీతానగరము రేవు, ఒకరికి తన డాబా – ప్రతి మాసము అదే చోట, అదే దిక్కున, అదే యెత్తున నిలిచి ఒక చిత్రము తీయుచు వచ్చితిమి. ఒక్కొక్కటి చూడ సామాన్యము. పన్నెండును వరుసగ పేర్చినచో నీరు వచ్చుట, నిండుట, పొంగుట, పండుట, ఆరుట కండ్లయెదుట నడచిపోవును. ఇల్లు కదలలేని సోదరీమణులు కూడ కిటికీనుండి చేయదగిన పని యిది.

ఈ పని తలపెట్టువారికి మూడు మాటలు. చిత్రములను ఫోనులోనే యుంచక, నెలకొక్కటి యైనను కాగితముపై అచ్చు వేయించుడు. వెనుకవైపు మెత్తని పెన్సిలుతో తేదీ, స్థలము, చూచిన దిక్కు, అందున్నవారి పేర్లు వ్రాయుడు. రెండవ ప్రతిని వేరొక ఊరిలోని అక్కచెల్లెండ్రకో, ఆడుబిడ్డకో పంపి దాపుడు. ఒక యింటికి నీరు వచ్చినను రెండవ యింట నిలుచును. కాలువలకు నీరు వదలు దినము వార్తలలో వచ్చును. ఆ మరునాటి తెల్లవారుజామున ఒక్క గంట ఇంటివారినడిగి తీసికొని, ఇరుగుపొరుగున నొక తోడు వెదకికొని, దగ్గరలోనున్న కాలువగట్టు చేరి మొదటి చిత్రము తీయుడు.